బాబాయి ఆయకట్టులో గన్నేరు

మా వైపు ఒక పూలమొక్క పెరట్లో బతకాలంటే ఎంట్రన్సు పరీక్ష రాయాలి. మొదటి పేపరు ఎండ. మే నెలలో టీవీలో వాతావరణం చెప్పే అమ్మాయి నందిగామ పేరెత్తిందంటే అది శుభవార్త కాదని చంటిపిల్లలకి కూడా తెలుసు. 2022 ఏప్రిల్ 4న నందిగామ, జగ్గయ్యపేట రెండూ కృష్ణా జిల్లా వదిలి ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళాయి గానీ, ఎండ మాత్రం పాత అడ్రసులోనే ఉండిపోయింది. రెండో పేపరు దుమ్ము. ఒక పక్క సున్నపురాయి క్వారీలు, ఇంకో పక్క సిమెంటు లారీలు. మూడోది మేకలు. నాలుగోది వైవా: తెల్లవారుజామున పూలసజ్జతో వచ్చి, మన గోడ మీదుగా చెయ్యి చాపి, మన పూలతో తన పుణ్యం సంపాదించుకునే ఇరుగుపొరుగు.

కడియం నర్సరీల నుంచి కులాసాగా వచ్చిన గులాబీలు మొదటి పేపరులోనే కలం కింద పెట్టేస్తాయి. మందారం కిందామీదా పడి రెండోదాకా వస్తుంది, మూడోదాన్లో మేక నోటికి దొరుకుతుంది. ఈ మూడూ గట్టెక్కేది గన్నేరు ఒక్కటే. వైవా మాటంటారా, మా వీధి భక్తుల దగ్గర ఏ పువ్వూ ఇప్పటిదాకా పాసవలేదు.

దీని సంగతి రోడ్లు వేసేవాళ్ళకి ఎప్పుడో తెలుసు. జాతీయ రహదారుల డివైడర్ల మీద కాగితంపూలతో పాటు గన్నేరు నాటేది అందానికొక్కదానికే కాదు. రాత్రిపూట ఎదురొచ్చే బండి లైట్లు మన కళ్ళలో కొట్టకుండా అడ్డం నిలబడుతుంది. ఏడాది పొడుగునా ఆకు రాలి బోసిపోదు. పొగకీ వేడికీ బెదరదు. గొడ్లు మేయవు. హైదరాబాద్–విజయవాడ రోడ్డుకి 2010లో నంబరు మార్చి 65 అన్నారు. మావాళ్ళ నోట్లో అదింకా నేషనల్ హైవే తొమ్మిదే. చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర నిలబడి గంటసేపు ఆ ఎండనీ పొగనీ భరించి చూడండి, గన్నేరు మీద గౌరవం దానంతటదే పుడుతుంది.

ఇంతటి మొండి మొక్కకి మా ఇంట్లో ఒక సేవకుడు దొరికాడు. మా బాబాయి.

బాబాయి నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. సాగర్ ఎడమ కాలువకి మావి చివరి భూములు. పైనుంచి నీళ్ళు వదిలారన్న కబురు ముందొస్తుంది, నీళ్ళు వెనకొస్తాయి; ఒక్కోసారి కబురుతోనే సీజను గడిచిపోతుంది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ "సారూ, నీళ్ళెప్పుడండీ?" అన్న రైతుకి "దారిలో ఉన్నాయి" అని చెప్పి చెప్పి ఆయన గుండెలో ఒక అప్పు మిగిలిపోయింది. రిటైరై నందిగామలో ఇల్లు కట్టుకుని, గేటు పక్కన వానాకాలంలో ఒక గన్నేరు కొమ్మ గుచ్చాడు. గన్నేరు కొమ్మకి వేరు పట్టడం పెద్ద విద్యేం కాదు, తడిమట్టిలో గుచ్చి మర్చిపోతే చాలు. గుచ్చడం ఆయనకి వచ్చింది. మర్చిపోవడం రాలేదు.

పొద్దున రెండు బిందెలు, సాయంత్రం రెండు బిందెలు. మాది నల్లరేగడి, తాగిన నీళ్ళు ఒక పట్టాన వదలదు. నెల తిరిగేసరికి ఆకులు పసుపుబారాయి, మొగ్గలు విచ్చకుండానే రాలాయి.

"దాహంగా ఉందే దీనికి," అని బాబాయి మూడో బిందె మొదలుపెట్టాడు.

"దాహం మొక్కది కాదండీ, మీ ఉద్యోగానిది," అంది పిన్ని.

నేను డిగ్రీలో బోటనీ వెలగబెట్టినవాణ్ణి కాబట్టి కల్పించుకున్నాను. ప్రాక్టికల్సులో బ్లేడుతో గన్నేరు ఆకుని అడ్డంగా కోసి సూక్ష్మదర్శిని కింద చూడని బోటనీ విద్యార్థి ఉండడు. ఎడారి మొక్క ఎలా బతుకుతుందో నేర్పే పాఠం అది. ఆకు పైన మందంగా మైనపు పొర. పత్రరంధ్రాలు అడుగు వైపు, అదీ పైకి కనపడకుండా గుంటల్లో. ఆ గుంటల నిండా సన్నటి నూగు. లోపలి తేమ వడగాలికి ఎగిరిపోకుండా అంత ఏర్పాటు. ఇదంతా చెప్పి, "ఇది నీళ్ళు పొదుపు చేసే మొక్క బాబాయ్," అన్నాను.

"పొదుపు చేస్తోందంటే కొరత ఉన్నట్టేగా?" అన్నాడు. నలభై ఎండాకాలాలు రైతులతో వాదించిన మనిషితో వాదించడానికి నా డిగ్రీ చాలలేదు.

ఆయన రెండో దిగులు పురుగు. గన్నేరు ఆకు, పువ్వు, బెరడు, వేరు అన్నీ విషమే. ఒలియాండ్రిన్ లాంటి పదార్థాలు నేరుగా గుండె మీద పనిచేస్తాయి. అందుకే మేక వాసన చూసి పక్కకి తప్పుకుంటుంది. అలాంటి ఆకుని ఒకరోజు వేలంత లావు పచ్చటి గొంగళిపురుగు, రెండు నీలి కళ్ళలాంటి మచ్చలేసుకుని, తీరిగ్గా నముల్తూ కనిపించింది. పెద్దయ్యాక అది అందమైన ఆకుపచ్చ రెక్కల చిమ్మట అవుతుంది. ఆ పక్కనే వేరే జాతి నల్ల సీతాకోకచిలుక ప్యూపా ఒకటి వెండిలా మెరుస్తూ వేలాడుతుంటే, పిన్ని పూలు కోసుకెళ్ళినవాళ్ళ చెవి జూకా తగులుకుందనుకుని వీధంతా వాకబు చేసింది. తమ పూలదొంగతనం బయటపడుతుందని ఒక్కరూ నాదేనని ముందుకు రాలేదు.

విషం విషయంలో మాత్రం హాస్యం పనికిరాదు. వినాయక చవితి పత్రిలో కరవీరపత్రం, అంటే గన్నేరు ఆకు, ఉంటుంది. దేవుడి దగ్గర పెట్టడానికే తప్ప నోట్లో పెట్టుకోవడానికి కాదు. కేరళలో 2024 మే నెలలో తిరువాంకూరు, మలబారు దేవస్వం బోర్డులు నైవేద్యంలో, ప్రసాదంలో గన్నేరు పూలు వాడొద్దన్నాయి. కొమ్మలు కత్తిరించాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. కత్తిరించిన పుల్లల్ని పొయ్యిలో పెట్టకూడదు, పొగ కూడా మంచిది కాదు. పచ్చగన్నేరు వేరే మొక్క, దాని కాయలోని గింజ ఇంకా ప్రమాదం. పిల్లలున్న ఇంట్లో అది వద్దే వద్దు.

ఇవన్నీ బాబాయి బుద్ధిగా విన్నాడు. పూత అయ్యాక కొమ్మలు కత్తిరిస్తే కొత్త చిగుళ్ళకే పువ్వులొస్తాయని చెబితే కత్తిరించాడు కూడా. నీళ్ళు మానమన్న మాట ఒక్కటే ఆయన చెవికి ఎక్కలేదు. అప్పుడు నాకు అర్థమైంది: మనం మొక్కని పెంచేది దానికి మన అవసరం ఉందని అనిపించుకోవడానికి. గులాబీ రోజూ ఏదో ఒకటి అడిగి మనల్ని గొప్పవాళ్ళని చేస్తుంది. గన్నేరు ఏమీ అడగదు. ఏమీ అడగని వాళ్ళకి సేవ చెయ్యడమంత కష్టం లోకంలో ఇంకోటి లేదు.

2023 జూలైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీదకే వచ్చేసింది, హైదరాబాద్ బళ్ళన్నీ ఆగిపోయాయి. ఆ వానల్లో బాబాయి గన్నేరు మొదట్లో కూడా నీళ్ళు నిలబడ్డాయి. పార పట్టుకుని గేటుదాకా బోదె తవ్వి బయటికి పంపించాడు. "ఉద్యోగమంతా నీళ్ళు తేవడానికే సరిపోయింది, పంపించడం ఇదే మొదలు," అని నడుం పట్టుకున్నాడు. ఆయన ఆ మొక్కకి చేసిన అసలైన ఉపకారం అదొక్కటే.

తర్వాత పిన్నీ బాబాయీ హ్యూస్టన్‌లో కొడుకు దగ్గరికి వెళ్ళారు. ఇంటి తాళం నాకిచ్చి, నీళ్ళ షెడ్యూలు గోడకి అంటించి మరీ వెళ్ళాడు. నేను దాన్ని గౌరవంగా చదివి ఊరుకున్నాను. ఒక ఆదివారం ఫోను: "ఒరేయ్, మావాడు సముద్రం చూపిస్తానని గాల్వెస్టన్ అనే ఊరికి తీసుకొచ్చాడు. ఎటు చూసినా గన్నేరేరా!"

ఆ ఊరి కథ నాకు తెలుసు. 1841లో అక్కడికి చేరిన గన్నేరు ఊరంతా అల్లుకుంది. 1900లో పెద్ద తుపాను ఊరిని ఊడ్చిపెట్టాక, ఉప్పునీళ్ళు తాగిన నేలలో మళ్ళీ పచ్చదనం తేవడానికి అక్కడి ఆడవాళ్ళు చేరదీసింది గన్నేరునే. 1967 నుంచి దీనికి అక్కడొక అంతర్జాతీయ సంఘం కూడా ఉంది. అదేం చూశావు, అణుబాంబు పడ్డ హిరోషిమాలో ముందుగా పూసిన పువ్వు ఇదేనంటారు, ఇప్పుడది ఆ నగరం అధికారిక పుష్పం, అని కూడా చెప్పాను.

బాబాయి అంతా విని, "సరే గానీ, ఇక్కడ ఇన్నిటికీ నీళ్ళెవరు పోస్తున్నార్రా?" అన్నాడు.

ఇంక మాటలెందుకని గేటు దగ్గరికెళ్ళి ఫోటో తీసి పంపాను. చుక్క నీరు లేకుండా నడివేసవిలో, ఆకు కనపడకుండా గులాబిరంగు గుత్తులతో నిండుగా ఉంది ఆయన గన్నేరు. ఇప్పటికైనా ఒప్పుకుంటాడని ఎదురుచూశాను.

"చూశావా," అన్నాడు బాబాయి, గొంతులో తడితో. "నేను పోసిన నీళ్ళు ఇప్పటికి అందాయి. మన చివరి భూములకి ఎప్పుడూ కాస్త ఆలస్యమేరా!"