ఏ కోచ్ ఇవ్వని ఎనిమిది సలహాలు

ఈ సలహాలు పాటిస్తే మీకు పతకం రాదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. చేతిలో స్టాప్‌వాచ్ ఉన్న ఏ కోచ్‌కైనా ఇవి చూపిస్తే చించి పారేస్తాడు. అయినా సరే, మారథాన్‌కు దిగుతున్నవారికి, అందులోనూ వెనక డబ్బూ పేరూ ట్రైనరూ లేనివారికి నేను ఇవే చెబుతాను. వీటికి పూర్తిగా వ్యతిరేకమైన సలహాలను తెలిసిన పెద్దలే దగ్గరుండి అమలు చేయించిన పరుగు ఒకటి ఉంది. దాని కథ చదివాక నాకు ఇంకో రకంగా చెప్పడానికి మనసొప్పలేదు.

అది 1904 ఆగస్టు 30. అమెరికాలో సెయింట్ లూయిస్ నగరం. అక్కడ జరుగుతున్న ప్రపంచ ప్రదర్శనలో భాగంగా ఆ ఏడాది ఒలింపిక్స్ పెట్టారు. మారథాన్‌ను చల్లటి వేళ కాకుండా మధ్యాహ్నం మూడు గంటలకు మొదలుపెట్టారు. ఎండ 32 డిగ్రీలు, దానికి తోడు ఉక్క. దూరం దాదాపు 40 కిలోమీటర్లు. దారిలో ఏడు మెట్టలు. రోడ్డంతా మట్టి. రన్నర్ల ముందూ వెనకా అధికారుల కార్లు తిరుగుతూ ఆ మట్టినంతా లేపి వాళ్ల ముఖాన కొట్టాయి. 32 మంది బయల్దేరితే గమ్యం చేరింది 14 మంది.

ఆ పద్నాలుగు మందిలో నాలుగో స్థానంలో వచ్చినవాడు క్యూబా దేశపు పోస్ట్‌మ్యాన్ ఫెలిక్స్ కర్వహాల్. మారథాన్‌లో చేయకూడదనేవన్నీ ఆయన ఆ ఒక్కరోజే చేశాడు. నా సలహాల్లో ఎక్కువ భాగం ఆయన చేసిన ఆ తప్పులే.

1. పిలవని పేరంటానికి వెళ్లండి

కర్వహాల్‌ను ఎవరూ పంపలేదు. ఐదడుగుల మనిషి, హవానాలో ఉత్తరాలు పంచే ఉద్యోగం. తన పరుగును జనానికి చూపించి చందాలు పోగుచేసుకుని ఓడ ఎక్కాడు. న్యూ ఆర్లియన్స్‌లో దిగాక పాచికలాటలో ఆ డబ్బంతా పోయిందని చెబుతారు. అక్కడి నుంచి సెయింట్ లూయిస్ వెయ్యి కిలోమీటర్ల పైమాట. కొంత నడిచి, కొంత ఎవరి బండో ఎక్కి మొత్తానికి చేరుకున్నాడు.

పాచికల జోలికి పోకండి. డబ్బు పోయాక కూడా వెనక్కి తిరగని ఆ పట్టుదలను మాత్రం తీసుకోండి. స్పాన్సర్ దొరికాక, సెలక్షన్ అయ్యాక, ఇంట్లో అందరూ ఒప్పుకున్నాక వెళదామనుకుంటే జీవితం అయిపోతుంది. లేటుగా వచ్చినా, ఒంటరిగా వచ్చినా, పిలుపు లేకుండా వచ్చినా, వచ్చినవాడికే పరుగెత్తే అవకాశం.

2. ఒంటిమీదున్న బట్టలతోనే దిగండి

గీత దగ్గర నిలబడేసరికి ఆయన వేషం ఇది: పొడుగు చేతుల చొక్కా, కాళ్ల నిండా ప్యాంటు, తలమీద బెరే టోపీ, వీధిలో తిరిగే బరువైన బూట్లు. అప్పుడు అమెరికన్ డిస్కస్ వీరుడు మార్టిన్ షెరిడన్ కత్తెర పట్టుకొచ్చి ఆ ప్యాంటును మోకాళ్ల దగ్గర కత్తిరించాడు. షెరిడన్ ఆ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన మనిషి.

సరైన బూట్లు లేకుండా పరుగెత్తొద్దని ఎవరైనా చెబుతారు. నిజమే, కాలికి పుండ్లు పడతాయి, గోళ్లు ఊడతాయి. కానీ బూట్లు లేవని ఇంట్లో కూర్చున్నవాడికి పరుగే ఉండదు. లేనిదాని గురించి సిగ్గుపడకండి. పక్కవాణ్ణి అడగండి. తన పనిలో నిజంగా గొప్పవాడైనవాడు మిమ్మల్ని చూసి నవ్వడు, కత్తెర తెస్తాడు.

3. దాహమేస్తే ఆగిపోండి

ఆ పోటీల ప్రధాన నిర్వాహకుడు జేమ్స్ సలివన్. నీళ్లు లేకుండా మనిషి శరీరం ఎంతవరకు తట్టుకుంటుందో చూడాలన్నది ఆయన ఆలోచన. పరుగులో నీళ్లు తాగడం బలహీనుల లక్షణమని ఆ కాలంలో చాలామంది శిక్షకులు నమ్మేవారు. అందుకని అంత ఎండలో, అంత దూరంలో, 12వ మైలు దగ్గరున్న ఒక బావి దాటాక రన్నర్లకు నీటి ఏర్పాటే లేదు.

శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వచ్చిన విలియం గార్షియా రోడ్డు పక్కన పడిపోయి కనిపించాడు. మింగిన దుమ్ముకు లోపల రక్తస్రావమైంది. చావు అంచుదాకా వెళ్లి బతికాడు.

మన ఒంటిని చల్లబరిచేది చెమట. ఆ చెమటకు నీళ్లు రక్తంలోంచే రావాలి. నీళ్లు తగ్గేకొద్దీ రక్తం పరిమాణం తగ్గుతుంది, గుండె ఇంకా వేగంగా కొట్టుకోవాలి, చర్మానికి చేరే రక్తం తగ్గుతుంది, ఒంటి వేడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. ఆ దశ దాటితే పట్టుదల ఏ పనికీ రాదు. కాబట్టి దాహమేస్తే ఆగండి. నిలబడి తాగండి. దాహం తీరాక ఇక చాలు. అదే పనిగా కడుపు నింపుకుంటే రక్తంలో ఉప్పు పలచబడి అదీ ప్రాణం మీదికి తెస్తుంది. ఈలోగా మిమ్మల్ని దాటిపోయేవాళ్లను పోనివ్వండి. నీళ్లు పెట్టని పరుగైతే మధ్యలోనే వదిలేసి రండి.

4. దారిలో కనిపించినవాళ్లతో కబుర్లు చెప్పండి

కర్వహాల్ దారి పొడవునా ఆగి, వచ్చీ రాని ఇంగ్లీషులో జనంతో మాట్లాడాడు, వాళ్లను నవ్వించాడు. ఒకచోట కారులో కూర్చున్నవాళ్లు పీచ్ పండ్లు తింటుంటే అడిగాడట. ఇవ్వం అన్నారు. రెండు లాక్కుని తింటూ పరుగెత్తాడట.

మాటలతో ఊపిరి వృథా అవుతుందని కోచ్ అంటాడు. నేను చెప్పేది విని చూడండి. పరుగెత్తుతూ ఒక పూర్తి వాక్యం ఆగకుండా చెప్పగలిగితే, ఆ వేగం మీ గుండె మోయగల వేగమే. రెండు మాటలకే ఎగశ్వాస వస్తుంటే దూరపు పరుగుకు అది మీ వేగం కాదు. చేతికి ఏ యంత్రం కట్టుకోలేనివాళ్లకు ఇంతకంటే నమ్మకమైన కొలత లేదు.

పండు సంగతి కూడా అంతే. కండరాల్లో, కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్ గట్టిగా పరుగెత్తితే చాలామందికి ముప్ఫై కిలోమీటర్ల దగ్గర అడుగంటుతుంది. అప్పుడు కాళ్లు ఒక్కసారిగా సీసం పోసినట్టు బరువెక్కుతాయి. ఆ స్థితికి ముందే తియ్యటిది ఏదైనా నోట్లో పడాలి. ఎవరైనా పండు ఇస్తే ఆగి తీసుకోండి, వాళ్ల ఊరేదో అడగండి, థ్యాంక్స్ చెప్పి కదలండి.

5. కడుపు నొప్పి వస్తే పడుకోండి

అంతకుముందు చాలాసేపు కర్వహాల్‌కు సరైన తిండి లేదు. దారి పక్క తోటలోకి వెళ్లి ఆపిల్ పండ్లు తిన్నాడు. అవి కుళ్లినవి. కడుపులో మెలిపెట్టింది. ఆయన ఏం చేశాడు? ఒలింపిక్ మారథాన్ మధ్యలో పడుకుని నిద్రపోయాడు. నొప్పి తగ్గాక లేచి మళ్లీ పరుగు అందుకున్నాడు. అంత నిద్రపోయినా నాలుగోవాడయ్యాడు.

నొప్పిని పంటి బిగువున భరించాలని మనకు చిన్నప్పటి నుంచీ నేర్పుతారు. ఆ పాఠాన్ని పరుగులోకి తీసుకురాకండి. బతికుంటే బలుసాకు తినొచ్చునని మన పెద్దలు ఊరికే అనలేదు. నీడ చూసుకుని పడుకోండి. తేరుకుంటే లేవండి. కళ్లు తిరుగుతున్నా, మాట తడబడుతున్నా, మండే ఎండలో చెమట ఆగిపోయినా ఆ రోజుకు పరుగు ముగిసినట్టే. వెంటనే డాక్టర్‌ను పిలిపించుకోండి.

6. కుక్క తరిమితే దారి వదిలేయండి

ఆ పరుగులో దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన ఇద్దరు త్స్వానా జాతీయులున్నారు. లెన్ తౌన్యానే, యాన్ మషియానీ. ఒలింపిక్స్‌లో పాల్గొన్న తొలి నల్లజాతి ఆఫ్రికన్లు వీళ్లే. వాళ్లు అక్కడికి ఒలింపిక్స్ కోసం రాలేదు. ప్రపంచ ప్రదర్శనలో బోయర్ యుద్ధాన్ని చూపించే బృందంతో వచ్చి ఈ పరుగులో దిగారు. దారిలో ఒక కుక్క వెంటపడి తౌన్యానేను మైలు దూరం వరకు పక్కదారి పట్టించిందంటారు. అయినా ఆయన తొమ్మిదోవాడిగా వచ్చాడు. మషియానీ పన్నెండోవాడు.

మీ తప్పు లేకుండానే దారి తప్పుతారు. మైలు పోతుంది. అప్పుడు న్యాయం గురించి ఆలోచిస్తూ రోడ్డు మీద నిలబడకండి. పోయిన మైలును మళ్లీ సంపాదించాలని వేగమూ పెంచకండి. ఎక్కడ దారి తప్పారో అక్కడికి తిరిగి వచ్చి, అంతకుముందున్న వేగంతోనే సాగండి. ఆ మైలు పోయినా తొమ్మిదో స్థానం ఆయనదే అయింది.

7. చేతకాకపోతే కారెక్కండి, ఆ మాట అందరికీ చెప్పండి

న్యూయార్క్ రన్నర్ ఫ్రెడ్ లార్జ్ తొమ్మిదో మైలు దగ్గర కండరాలు పట్టేసి కారెక్కాడు. అందులో తప్పేమీ లేదు. పదకొండు మైళ్లు అలా ప్రయాణించాక కారు చెడిపోయింది. ఆయన దిగి, పరుగెత్తుకుంటూ స్టేడియంలోకి వచ్చి, అందరికంటే ముందు గమ్యం దాటాడు. జనం కేరింతలు కొట్టారు. ఆయన కాదనలేదు. నిజం బయటపడ్డాక అమెరికా అమెచ్యూర్ అథ్లెటిక్ యూనియన్ ఆయన్ను జీవితాంతం నిషేధించింది. తర్వాత ఆ నిషేధం ఎత్తేశారు. 1905లో బోస్టన్ మారథాన్‌ను ఆయన తన కాళ్లతోనే గెలిచాడు.

అంత సత్తా ఉన్న మనిషి కూడా ఒక రోజు కారెక్కాల్సి వచ్చిందంటే, మీరు ఎక్కడానికి సిగ్గెందుకు? ఎక్కండి. అయితే స్టేడియం గేటు దగ్గర దిగగానే మొదటి మాటగా అదే చెప్పండి. జనం చప్పట్లు మొదలయ్యాక నిజం చెప్పడం చాలా కష్టమవుతుంది.

8. మిమ్మల్ని గెలిపిస్తామనేవాళ్ల నుంచి తప్పుకోండి

అన్నిటికంటే ముఖ్యమైన సలహా ఇదే. ఆ రోజు గెలిచినవాడు థామస్ హిక్స్. ఇంగ్లండ్‌లో పుట్టి అమెరికా తరఫున పరుగెత్తాడు. అదే ఏడాది బోస్టన్‌లో రెండో స్థానం ఆయనది. ఏ వసతీ లేని కర్వహాల్‌కు లేని భాగ్యం ఆయనకుంది: పక్కనే కారులో వచ్చే సహాయకులు.

చివరి పది మైళ్ల దగ్గర హిక్స్ నీళ్లడిగాడు. వాళ్లు ఇవ్వలేదు. గోరువెచ్చటి నీళ్లలో ముంచిన స్పాంజితో నోరు తుడిచారు. గమ్యం ఏడు మైళ్లుందనగా కోడిగుడ్డు తెల్లసొనలో దాదాపు ఒక మిల్లీగ్రాము స్ట్రిక్నీన్ కలిపి తాగించారు. స్ట్రిక్నీన్ అంటే ఎలుకల మందు. కొద్ది మోతాదులో నరాలను రెచ్చగొడుతుందని అప్పట్లో వాడేవారు. మోతాదు పెరిగితే కండరాలన్నీ బిగుసుకుపోయి ఊపిరాడక మనిషి చనిపోతాడు. హిక్స్ పడుకుంటానని బతిమాలాడు. పడుకోనివ్వలేదు. మరో మోతాదు స్ట్రిక్నీన్ ఇచ్చి, ఈసారి బ్రాందీ కూడా తాగించారు. గమ్యం ఇంకా ఇరవై మైళ్లుందని ఆయన భ్రమపడ్డాడు. ఆఖరికి మనుషులు చెరోవైపూ మోస్తుంటే కాళ్లు గాలిలో ఆడిస్తూ గీత దాటాడు. సమయం 3 గంటల 28 నిమిషాల 53 సెకన్లు. ఒలింపిక్ మారథాన్ విజేతల్లో ఇంత నెమ్మదైన సమయం మరొకరిది లేదు. దాటగానే డాక్టర్లు చుట్టుముట్టాల్సి వచ్చింది.

అప్పటి నియమాల ప్రకారం మందు ఇవ్వడం నేరం కాదు. ఆ సహాయకుల్లో ఒకరైన చార్లెస్ లూకాస్ ఆ తర్వాత, మారథాన్ రన్నర్లకు మందులు ఎంతో మేలు చేస్తాయని దీన్నే సాక్ష్యంగా చూపి రాశాడు.

ఇద్దరి ఒళ్లూ ఆ రోజు ఒకే మాట చెప్పాయి: పడుకో. కర్వహాల్ పక్కన ఎవరూ లేరు కాబట్టి పడుకున్నాడు. హిక్స్ పక్కన మనుషులున్నారు కాబట్టి పడుకోలేకపోయాడు. మీ వెంట వచ్చేవాళ్లను పరుగుకు ముందే ఒక ప్రశ్న అడగండి: నేను ఆపేస్తానంటే ఆపనిస్తారా? వెంటనే అవునని చెప్పనివాళ్లను ఇంట్లోనే ఉండమనండి.

హిక్స్‌కు స్వర్ణం దక్కింది కదా, కర్వహాల్‌కు ఏం దక్కిందని మీరు అడగొచ్చు. ఏమీ దక్కలేదు. ఆయన సమయాన్ని ఎవరూ రాసిపెట్టలేదు కూడా. ఆగకుండా, మాట్లాడకుండా, పడుకోకుండా పరుగెత్తితే ఆయనకు పతకమే వచ్చేదేమో. ఆ నష్టాన్ని ఒప్పుకునే ఈ సలహాలిస్తున్నాను. ఆయన ఆ మధ్యాహ్నం తన ఒంటిని తన చేతిలోనే ఉంచుకున్నాడు. ఆకలేస్తే తిన్నాడు, మనిషి కనిపిస్తే పలకరించాడు, నొప్పి వస్తే పడుకున్నాడు, లేవగలిగాక లేచాడు. నలభై కిలోమీటర్లు పరుగెత్తడానికి నాకు ఇంతకంటే మంచి పద్ధతి కనిపించలేదు.

రేపు మీ ఇంట్లోవాళ్లో స్నేహితులో మారథాన్ నుంచి వస్తే టైమెంత అని అడగకండి. ముందు నీళ్లివ్వండి. తర్వాత దారిలో ఎవరెవరు కలిశారో అడగండి. వాళ్ల దగ్గర చెప్పడానికి ఏమీ లేకపోతే, వచ్చేసారి ఇంకాస్త నెమ్మదిగా పరుగెత్తమని చెప్పండి.