రాక్షసబల్లికి కంకర మర్యాద

మన గోదావరి జిల్లాల్లో విగ్రహం లేని సెంటర్ లేదు. దండ వేయించుకోని నాయకుడూ లేడు. పాపం, డైనోసార్‌ ఒక్కదానికే దిక్కులేదు. ఓటు బ్యాంకు అంతరించిపోయింది కదా మరి!

గోదావరమ్మ ఇవ్వక కాదు. ఎగువన ప్రాణహిత పక్కన తవ్వితీసిన జురాసిక్ కాలపు బారాపాసారస్ ఎముకలు కోల్‌కతా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు చేరాయి. తవ్వకం జోరుగా సాగిన 1961 రవీంద్రుడి శతజయంతి సంవత్సరం, అందుకని దాని పేరు చివర ఠాగూర్ పేరు తగిలించారు. ఒక్క ఏడాది ఆగుంటే గురజాడ శతజయంతి వచ్చేది. వాళ్లు ఆగలేదు, మనం అడగలేదు. యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో 44 అడుగుల పొడవున కొలువుదీరింది. ఈ రెండింటికీ పుర్రెలు దొరకలేదు. తల లేకపోయినా పెద్దపీట వేయడం మనకేమీ కొత్త కాదులెండి.

“మరి మాకేం మిగిలిందండీ?” అంటారు రాజమండ్రి వారు. చావు కబురు మిగిలిందండి, అదీ చల్లగా. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కన్ లావా దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారుకుంటూ మన తీరం దాకా వచ్చింది. గౌరీపట్నం, దుద్దుకూరు క్వారీలకు వెళ్లి చూడండి: కింద నల్లరాయి, పైన నల్లరాయి, మధ్యలో లేతరంగు సున్నపురాతి పట్టీ, అందులో సముద్రపు గుల్లలు. కాటేరు గుల్లల గురించి హిస్లాప్ అనే మిషనరీ 1860లోనే అచ్చు వేయించాడు. 2008లో ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్ గెర్టా కెల్లర్ బృందం ఈ పట్టీలోని కంటికి ఆనని జీవులను పరీక్షించి, డైనోసార్లు పోయిన మహావినాశనం కింది లావా ఆగే వేళకు జరిగిందని తేల్చింది. నేరం మెక్సికోలో పడ్డ ఉల్కదేననే వారితో ఆ వ్యాజ్యం ఇంకా నడుస్తూనే ఉంది.

అన్నట్టు, అన్ని కోట్ల ఏళ్లు కదలని దుద్దుకూరు గుల్ల 2022 ఏప్రిల్‌లో పశ్చిమ గోదావరి నుంచి తూర్పు గోదావరికి బదిలీ అయింది. టీఏ, డీఏ ఇచ్చిన దాఖలా లేదు.

విదేశీ శాస్త్రవేత్తలు విమానాలెక్కి వచ్చి భూతద్దం పెట్టి చూసిన ఆ సాక్ష్యాన్ని మనం క్రషర్‌లో వేసి, ఇరవై ఎమ్ఎమ్, నలభై ఎమ్ఎమ్ అని సైజులవారీగా టిప్పర్లకెత్తుతున్నాం. కంకర వద్దనడం లేదు, ఇల్లు కట్టుకోని వాడెవడు? 2027 పుష్కరాలకు రోడ్లూ కావాలి. కలెక్టర్ గారూ, గనుల శాఖ వారూ, ఆ పట్టీ బాగా కనబడే క్వారీ గోడ ఒక్కటి చూసి, కంచె వేసి, తెలుగులో బోర్డు పెట్టించండి. ప్రారంభోత్సవ శిలాఫలకం మీద ఎవరి పేరు వేసుకున్నా మాకు అభ్యంతరం లేదు.