మీటరొక్కటె: ఒక తేటగీతికి టీకా తాత్పర్యం

అవతారిక

ఇంట్లో క్రిప్టో గని పెట్టాలనుకునే గృహస్థులు ముందుగా పఠించదగిన పద్యం ఇది. కరెంటు బిల్లు వెనకవైపు బాల్‌పెన్నుతో రాసి ఉండగా దొరికింది. ముందువైపు అచ్చయిన అంకెలు బిల్లు కాగితాల ధర్మాన్ని అనుసరించి వెలిసిపోయాయి, పద్యం మిగిలింది. కర్త పేరు లేదు. ఈ శాస్త్రంలో అది దోషం కాదు. 2008 అక్టోబరు 31న తొమ్మిది పేజీల్లో బిట్‌కాయిన్ సిద్ధాంతాన్ని లోకానికిచ్చిన సతోషి నకమోటో ఎవరో నేటికీ తేలలేదు. సూత్రకారుడే మారుపేరుతో తిరుగుతుంటే పద్యకారుడి ఊరూ పేరూ అడగడం మర్యాద కాదు. కాలనిర్ణయం మాత్రం సాధ్యమే. అది పాఠాంతరాల దగ్గర చూద్దాం.

మూలం

ఆరు కార్డులు రైజర్లు నమరఁ గూర్చి
యినుపచట్రాన బిగియించి యింటిలోనఁ
బగలు రేయియుఁ దవ్వఁగఁ బరుగులెత్తు
మీటరొక్కటె నాణెమ్ము మినుకుమినుకు

ప్రతిపదార్థం

ఆరు కార్డులు = ఆరు గ్రాఫిక్స్ కార్డులను; రైజర్లున్ = వాటిని మదర్‌బోర్డుతో కలిపే నీలిరంగు తీగలను; అమరన్ = ఒకదాని వేడి ఇంకొకదానికి తగలకుండా; కూర్చి = జతచేసి; ఇనుపచట్రానన్ = కన్నాల యాంగిళ్లతో చేసిన ర్యాకులో; బిగియించి = నట్లతో బిర్రుగా పట్టించి; ఇంటిలోనన్ = సొంతమో అద్దెదో అయిన ఇంటిలో; పగలు రేయియున్ = ఆపకుండా; తవ్వఁగన్ = లెక్కలు చేయించగా; పరుగులెత్తు = పరుగుతీసేది; మీటరొక్కటె = కరెంటు మీటరు మాత్రమే; నాణెమ్ము = రాబడి; మినుకుమినుకు = ఉందా లేదా అన్నట్టుండేది.

తాత్పర్యం

ఎవడైనా ఆరు కార్డుల రిగ్గు కట్టి ఇంట్లో నిరంతరాయంగా నడిపితే నిశ్చయంగా పెరిగేది మీటరు రీడింగు. నాణెం సంగతి నిశ్చయంగా చెప్పలేం.

విశేషాలు

“ఆరు కార్డులు”: ఆరే ఎందుకన్నది మొదటి శంక. 2017లో పంతొమ్మిది కార్డులు పట్టే మైనింగ్ మదర్‌బోర్డు కూడా వచ్చింది కదా అని కొందరి ఆక్షేపణ. సమాధానం: పద్యం గృహస్థుడి కోసం, కర్మాగారం కోసం కాదు. మామూలు బోర్డుకు ఆరు స్లాట్ల దాకా ఉంటాయి. 1200 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఒకటి ఆరింటిని పోషించగలదు. ప్రాసెసరు సెలెరాన్ అయినా చాలు, ర్యామ్ 8 జీబీ చాలు, ఎందుకంటే పనంతా కార్డులదే. కార్డు మెమరీ విషయంలో మాత్రం పిసినారితనం పనికిరాదు. ఈథర్ అనే క్రిప్టో నాణెం తవ్వడానికి 4 జీబీ కార్డులు 2020 చివరికల్లా చాలకుండా పోయాయి. తవ్వేవాళ్లు కార్డులన్నీ ఎగరేసుకుపోతున్నారని గేమర్లు మొత్తుకోగా, 2021 ఫిబ్రవరిలో ఎన్విడియా తన 3060 కార్డుకు ఈథర్ తవ్వకంలో వేగం సగమయ్యేలా తాళం వేసింది. మరుసటి నెలలోనే ఆ తాళం ఊడిపోయే డ్రైవరును పొరబాటున తానే విడుదల చేసింది. ఇది శాస్త్రచరిత్రలో హాస్యఘట్టం.

“రైజర్లు”: ఇవి చూడటానికి యూఎస్‌బీ తీగలే గాని చేసే పని వేరు. కార్డును బోర్డుకు దూరంగా, గాలి ఆడేచోట నిలబెట్టడానికి వాడతారు. పద్యంలో భయానక రసానికి బీజం ఇక్కడే ఉంది. రైజరుకు కరెంటు కావాలి. పెట్టెలో దానితోపాటు సాటా పిన్ను అడాప్టరు ఊరికే వస్తుంది, శిష్యుడు దాన్నే తగిలిస్తాడు. సాటా పిన్ను 12 వోల్టుల దగ్గర నాలుగున్నర యాంపియర్లు, అంటే 54 వాట్లు మోయగలదు. కార్డు స్లాటు నుంచి 75 వాట్ల దాకా లాగవచ్చు. మొదటి వారం ఏమీ కాదు. తర్వాత పిన్ను పక్కన పసుపు తీగ తొడుగు మెల్లగా గోధుమరంగుకు తిరుగుతుంది. తెల్ల ప్లాస్టిక్ అంచు మెత్తబడి తీగకు అంటుకుంటుంది. గదిలో కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చేసరికి పిన్ను ఊడదీయడానికి కటింగ్ ప్లేయరు కావాలి. కాబట్టి ఆరు పిన్నుల తీగతోనే రైజరుకు కరెంటివ్వాలి, ఒకే తీగ మీద రెండుకు మించి వేలాడదీయకూడదు. ఇది విధివాక్యం. వికల్పం లేదు.

“అమరన్”: సౌందర్యార్థంలో ప్రయోగించిన మాట అని పూర్వవ్యాఖ్యాతల అభిప్రాయం. వారు మే నెలలో బెజవాడలో లేరు. బయట 42 డిగ్రీలున్న మధ్యాహ్నం తలుపేసిన గదిలో ఆరు కార్డులుంటే, అమరిక అన్నది ఫ్యాన్ల దిశకు సంబంధించిన మాట. గాలి ఒకవైపునుంచి రావాలి, ఇంకోవైపు కిటికీకి బిగించిన ఎగ్జాస్ట్ ఫ్యాను దాన్ని బయటికి తోసెయ్యాలి. కార్డు వోల్టేజీ తగ్గించి, వాట్లకు పరిమితి పెట్టి నడిపితే వేగం కొద్దిగానే తగ్గుతుంది, కరెంటు బాగా తగ్గుతుంది. ఇలా అదుపులో పెట్టిన 3060 టీఐ కార్డు ఈథర్ తవ్వకంలో సుమారు 120 వాట్లతో సెకనుకు 6 కోట్ల లెక్కలు, అంటే హాష్‌లు వేసేది. ఎస్‌ఎంపీఎస్ కన్నాలకు జాలీ తప్పనిసరి. వెచ్చదనం కోరి వచ్చే బల్లి తానూ పోతుంది, ఫ్యూజునూ తీసుకుపోతుంది.

“ఇనుపచట్రాన”: టేకు కలపతో కట్టమని ఒక సంప్రదాయం ఉంది. కవి ఇనుమే అన్నాడు కాబట్టి ఎర్తింగు గురించి హెచ్చరిస్తున్నాడని గ్రహించాలి. మూడో పిన్నులో పసలేని ఇంట్లో ఈ చట్రాన్ని చెప్పుల్లేకుండా ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటుంది. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టరు కెపాసిటర్లు కొద్దిపాటి లీకేజీ కరెంటును ఎర్తుకు పంపాలి. ఎర్తు లేకపోతే అది చట్రం మీదే కూర్చుంటుంది. దీన్ని దేవతావేశంగా భావించినవారున్నారు. ఉప్పూ బొగ్గూ వేసి ఎర్తు గుంత తవ్వించడం, 30 మిల్లీయాంపియర్లకు పడిపోయే ఆర్‌సీసీబీ పెట్టించడం దీనికి శాంతి.

“ఇంటిలోన”: ఈ పదమే పద్యానికి కీలకం. రిగ్గు గోడ దగ్గర దాదాపు కిలోవాటు లాగుతుంది, అంటే 230 వోల్టుల దగ్గర నాలుగు యాంపియర్ల పైన. అంకె చిన్నదే. కాని గీజరు పది నిమిషాలకు ఆగుతుంది, ఇది ఆగదు. అందువల్ల ఫోన్ చార్జర్ల పక్కన ఎక్స్‌టెన్షన్ బాక్సుకు కాక, విడిగా లాగిన రాగి తీగతో, సొంత ఎంసీబీతో 16 యాంపియర్ల పవర్ ప్లగ్గుకే దీన్ని తగిలించాలి. బిట్‌కాయిన్ కోసమే పుట్టిన ఏసిక్ యంత్రాలు వేరే జాతి. యాంట్‌మైనర్ ఎస్19 ప్రో ఒక్కటే 3250 వాట్లు, 14 యాంపియర్లు. దాని రొదకు ఇంట్లోవాళ్లు మాత్రమే కాదు, వీధి కూడా మేలుకుంటుంది. కవి కార్డులతో సరిపెట్టుకోవడంలో ఔచిత్యం అదే. అయినా తల్లి అడగనే అడుగుతుంది: “ఏరా, ఆ గదిలో రాత్రంతా ఏదో గుయ్యిమంటోంది, ఆపవా?” రీడింగుకొచ్చినతను మీటరు వంక, లోపలి వంక చూసి, “పిండిమర ఏమైనా పెట్టారా సార్?” అంటాడు. ఈ రెండు వాక్యాలూ పద్యంలో ధ్వనిగా ఉన్నాయి.

“తవ్వఁగన్”: ఇక్కడ గడ్డపార లేదు. బిట్‌కాయిన్ పద్ధతిలో చెప్పాలంటే, పోగైన లావాదేవీల మూటకు ఒక అంకె చేర్చి ఎస్‌హెచ్‌ఏ-256 అనే గణితంలో వేస్తారు. ఫలితం నిర్ణీత హద్దుకంటే చిన్నదిగా వస్తే గెలుపు, లేకుంటే అంకె మార్చి మళ్లీ వేస్తారు. సుమారు పది నిమిషాలకొక విజేత ఉండేలా వ్యవస్థ కట్టారు. ప్రతి 2016 బ్లాకులకొకసారి అది తన కష్టాన్ని తానే సరిచేసుకుంటుంది. ఎక్కువమంది దిగితే హద్దు బిగుస్తుంది. ఈ బావిలో చేదలు పెరిగినకొద్దీ నీరు అంత లోతుకు దిగుతుంది, పైకొచ్చే నీరు మాత్రం ఎప్పుడూ అంతే. పైగా 2,10,000 బ్లాకులకొకసారి బహుమతి సగమవుతుంది. 2009లో బ్లాకుకు 50 నాణేలుండేవి. 2012, 2016, 2020, 2024ల్లో సగమవుతూ వచ్చి 3.125 దగ్గర నిలిచింది. రోజుకు సుమారు 144 బ్లాకులు, అంటే ప్రపంచం మొత్తానికి 450 నాణేలు. యంత్రాలు కోటి పెరిగినా ఇది 451 కాదు. కావున కొత్తగా వచ్చినవాడు గని పెంచడు, పాతవాడి వాటా తింటాడు. వాడి వాటా ఇంకోడు తింటాడు. చివరికి మిగిలేది యూనిట్ అందరికంటే చవకగా దొరికినవాడు.

“మీటరొక్కటె”: ఏవకారం నిశ్చయార్థకం. గంటకు యూనిట్ చొప్పున రోజుకు 24, నెలకు 720. ఫ్రిజ్జు రోజంతా తిరిగి తినేది ఒక యూనిట్‌కు అటూఇటూ. ఆంధ్రప్రదేశ్ 2022-23 గృహ టారిఫ్‌లో మొదటి 30 యూనిట్ల ధర 1.90 రూపాయలు. 226 నుంచి 400 దాకా 8.75. నాలుగొందలు దాటితే 9.75. అదే ఏడు తెలంగాణలో ఎనిమిదొందలు దాటిన యూనిట్‌కు 10 రూపాయలు. ఆ ధరల లెక్కన ఆంధ్రలో నెలకు 250 యూనిట్లు కాల్చే ఇంట్లో రిగ్గు పెడితే మొదటి 150 యూనిట్లు 8.75 చొప్పున, మిగతా 570 యూనిట్లు 9.75 చొప్పున పడతాయి. మొత్తం 6870 రూపాయలు. సుంకం, ట్రూఅప్ చార్జీలు అదనం. గృహ టారిఫ్ పొదుపరిని ఆదరించి, ఎక్కువ వాడినవాడిని శిక్షిస్తుంది. తవ్వకం ఎక్కువ వాడనివాడిని దగ్గరికే రానివ్వదు. ఈ రెండు నియమాల మధ్య ఇరుక్కున్నవాడే గృహస్థుడు. వాడి పోటీ పక్కింటివాడితో కాదు. 2021లో నిషేధం వచ్చేదాకా వానాకాలపు జలవిద్యుత్తు కోసం సిచువాన్ చేరిన చైనావాళ్లతో, సొంత నదుల కరెంటుతో ప్రభుత్వ సంస్థ ద్వారానే బిట్‌కాయిన్ తవ్వే భూటాన్‌తో.

“నాణెమ్ము మినుకుమినుకు”: నలుగురూ కలిసి తవ్వి రాబడి పంచుకునే పూల్‌లో చేరితే చిల్లర చిల్లరగా జమవుతుంది. అందులో రాజభాగం ఉంది. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, అదే ఏడు జూలై 1 నుంచి అమ్మకం మీద 1 శాతం టీడీఎస్. కొన్న ధర తప్ప మరే ఖర్చునూ తీసివేయనివ్వరు. మైనింగు యంత్రాల ఖర్చు కొన్న ధర కిందికి రాదని 2022 మార్చిలో కేంద్రం పార్లమెంటులోనే చెప్పింది. ఒక నాణెంలో నష్టాన్ని ఇంకో నాణెం లాభంలో సర్దుకోవడమూ కుదరదు. అందుకే “మినుకు” అని ఒక్కసారి అంటే చాలక కవి రెండుసార్లన్నాడు.

పాఠాంతరాలు

నాలుగో పాదంలో “మీటరొక్కటె యీథరు మినుకుమినుకు” అని ఒక పాఠం ఉంది. గణభంగం లేదు, యతి కుదిరింది. ఇదే ప్రాచీనం. 2022 సెప్టెంబరు 15న ఈథర్ పుట్టే వ్యవస్థ అయిన ఈథీరియం తవ్వకాన్ని పూర్తిగా వదిలేసి, నాణేలు తాకట్టుపెట్టే పద్ధతికి మారింది. ఆ రోజుతో ఈథర్ తవ్వే రిగ్గులన్నిటికీ పని పోయింది. అవన్నీ ఈథీరియం క్లాసిక్, రేవెన్‌కాయిన్ల మీద పడేసరికి అక్కడా ఒక్కొక్కరి వాటా పలచబడింది. “నాణెమ్ము” అన్న సామాన్యవాచకం ఆ తర్వాతి సంస్కరణ. ఏ నాణెమో చెప్పే ధైర్యం కవికి అప్పటికి లేదు.

“హీటరొక్కటె” అని మరో పాఠం. భౌతికశాస్త్రరీత్యా ఇది నిర్దుష్టం. కిలోవాటు లోపలికి పోతే కిలోవాటు వేడిగానే బయటికొస్తుంది. చలిదేశాల్లో ఈ వేడితో గది వెచ్చచేసుకునేవాళ్లున్నారు. గుంటూరులో ఆ వేడిని తోసెయ్యడానికి ఏసీ వేస్తే నెలకు ఇంకో రెండొందల యూనిట్లు. అయినా యతిభంగం కాబట్టి ఈ పాఠం త్యాజ్యం.

శంకాసమాధానాలు

శంక: మిద్దె మీద సోలార్ పెడితే? సమాధానం: మూడు కిలోవాట్ల ప్యానెళ్లు రోజుకు సుమారు 12 యూనిట్లిస్తాయి, రిగ్గు 24 తింటుంది. 2024లో మొదలైన సూర్యఘర్ పథకంలో 78,000 రూపాయల దాకా సబ్సిడీ వస్తుంది కదా అంటే, పెట్టించుకోవలసిందే. ఆ 12 యూనిట్లు ఇంటి బిల్లులో పై శ్లాబును కోసేస్తే వచ్చే మిగులు ఖాయం. దాన్ని రిగ్గుకు పోస్తే వచ్చేది నాలుగో పాదంలో చెప్పిందే.

శంక: ఇన్వర్టరు మీద నడిపితే? సమాధానం: 150 ఏహెచ్ బ్యాటరీ గంటన్నర నిలిస్తే గొప్ప. నింపడానికి మళ్లీ అదే మీటరు.

శంక: స్తంభానికి కొక్కెం వేస్తే? సమాధానం: 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షన్ చూడుము.

ఛందోలంకారాలు

తేటగీతి. లెక్క సరిపోయింది పద్యంలోనే. మొదటి రెండు పాదాల్లో వీరం, మూడోదానిలో భయానకం, నాలుగోదానిలో శాంతం. అతిశయోక్తి ఉందన్నవారు బిల్లు చూడనివారు. ఇది స్వభావోక్తి.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని సటీకంగా పఠించిన విద్యార్థికి తీగ మందం, ఎర్తు గుంత, హాష్ రహస్యం, ఆదాయపు పన్ను ఏకకాలంలో బోధపడును. రిగ్గు కొనకముందు చదివినవారికి శ్లాబుజ్ఞానము, కొన్నాక చదివినవారికి కార్డులు కొనే గేమరు దొరుకుట, చదవనివారికి ప్రతి నెలా మొదటి వారంలో రీడింగు తీసేవాని దర్శనము కలుగును.