నేను ఎక్స్‌రే క్యాసెట్‌ని

నేను పల్చని రేకుపెట్టెని. లోపల రెండు తెల్లని తెరలు, అంతే. మూస్తే చుక్క వెలుతురు కూడా చొరబడకూడదు. ఆసుపత్రుల్లో నా తోబుట్టువులు విరిగిన ఎముకలు చూపిస్తారు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థకి చేరిన నేను మాత్రం ఎవరు ఎవరి బిడ్డో, నెత్తుటి మరక ఎవరిదో చూపించాను. ఆ భాగ్యం డాక్టర్ లాల్జీ సింగ్ వల్ల కలిగింది.

జౌన్‌పూర్ జిల్లా పల్లెటూళ్లో 1947లో పుట్టి, కాశీలో పాముల క్రోమోజోములు చదివి, ఎడిన్‌బరో వెళ్లారాయన. ఆడ, మగ తేడా ఎలా వస్తుందో వెతుకుతూ, చారల కట్లపాము డీఎన్‌ఏలో పదేపదే వచ్చే ఒక వరుసను పట్టుకున్నారు. మనుషుల్ని విడివిడిగా గుర్తుపట్టడానికీ అదే పనికొచ్చింది. 1987లో సీసీఎంబీకి వచ్చాక, మరుసటి ఏడాదికే ఆ వరుసనే డీఎన్‌ఏను వెతికిపట్టే సొంత ప్రోబ్‌గా వాడి డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ సాధించారు. విదేశీ ప్రోబ్ కోసం చేయి చాచనక్కర్లేకపోయింది.

రేడియోధార్మిక ప్రోబ్ అంటిన నైలాన్ పొరనూ ఫిల్మునూ కలిపి నా కడుపులో పెట్టి, మైనస్ 70 డిగ్రీల ఫ్రీజర్‌లో ఉంచేవారు. రోజుల తరబడి ఆ చలిలోనే ఉండేదాన్ని. తర్వాత డార్క్‌రూమ్‌లో ఫిల్ము కడిగితే కట్లపాము ఒంటి చారల్లా నల్లని గీతలు తేలేవి. బిడ్డ గీతల్లో ప్రతిదీ తల్లిలోనో తండ్రిలోనో కనిపించాలి. కేరళలోని తలశ్శేరిలో, తన బిడ్డకు తండ్రి ఎవరో తేల్చమని ఒక తల్లి కోరిన న్యాయం ఆ గీతల మీదే నిలిచింది. లాల్జీ సింగ్ స్వయంగా కోర్టులో సాక్ష్యం చెప్పారు. 1991లో కేరళ హైకోర్టు ఆ ఆధారాన్ని సమర్థించింది.

ఆయన ఎలాంటి గురువో తెలియాలంటే పరిశోధన పత్రాల్లో పేర్ల వరుస చూడాలి. అండమాన్ ఆదివాసుల మూలాల మీద 2005లో ‘సైన్స్’లో వచ్చిన పత్రంలో మొదటి పేరు ఆయనతో పనిచేసిన తంగరాజ్‌ది, చివరి పేరు ఆయనది. పనిచేసిన చేతులు ముందు, దారి చూపినవారు వెనక.

డీఎన్‌ఏకు నకళ్లు తీసే పీసీఆర్ పద్ధతి వచ్చాక ఫిల్ము అవసరం తీరింది. రోజుల పని గంటల్లోకి వచ్చింది. అందుకు నాకు దిగులు లేదు. నా బాధ వేరు. నన్ను వేరే ఊళ్లో ఒక కాలేజీ ల్యాబుకు ఇచ్చేశారు. అక్కడ గొళ్లెం సరిగా పెట్టేవారు కాదు. సందులోంచి వెలుతురు దూరి ఫిల్మంతా నల్లబడితే, పాత డబ్బా అని నన్నే తిట్టేవారు. నా తెరల్ని గోళ్లతో గీకారు. ఊగుతున్న బల్ల కాలికింద ఎత్తుగా పెట్టారు. చివరికి జల్లు కొట్టే వరండాలో, విరిగిన కుర్చీల కింద పడేశారు. నా కీళ్లు తుప్పుపట్టాయి.

2017 డిసెంబరులో లాల్జీ సింగ్ వారణాసిలో కన్నుమూశారని అక్కడే విన్నాను. ఇద్దరమ్మాయిలు పేపరు చదువుతున్నారు. “ఎవరే ఈయన?” అంది ఒకమ్మాయి. “డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ చేశారుట” అంది రెండోది. “అంటే ఎలా చేస్తారే?” అని అడిగితే ఆ పిల్ల దగ్గర జవాబు లేదు. వాళ్ల కాళ్లకు జానెడు దూరంలో ఉన్నాను నేను. పొర ఇక్కడ, ఫిల్ము దాని మీద అని నా మూత తీసి చూపించవచ్చు.

పాత సామాను వేలం వేస్తారట. తుక్కు కొనేవాడు రాకముందే ఆ పిల్ల మళ్లీ ఇటు వస్తే బాగుండును.