సజాతి ప్రీతి: హాల్‌టికెట్ నుంచి డాలస్ దాకా

తమవంటి వారితోనే మెలగాలనే మనిషి మొగ్గుకు పాల్ లాజర్స్‌ఫెల్డ్, రాబర్ట్ మెర్టన్ అనే సామాజిక శాస్త్రవేత్తలు 1954లో ‘హోమోఫిలీ’ అని, అంటే సజాతి ప్రీతి అని, నామకరణం చేశారు. కొత్త ప్రపంచాన్ని పరిచయం చేస్తామని కళాశాలల కరపత్రాలు ఎంత నమ్మబలికినా, ఇంజనీరింగు కళాశాల క్యాంటీనులో భోజన విరామ వేళ ఒక బల్ల మీద కడప యాస, మరొక దాని మీద కరీంనగర్ యాస, మూడవ దాని చుట్టూ ఇంటర్మీడియట్‌లో ఒకే హాస్టలులో రెండేళ్లు కలిసి మగ్గినవారు కనిపించడం పరిపాటి.

ఈ ప్రీతిలో విద్యార్థి సొంత ఎంపిక అతడు అనుకునేంత ఉండదు. జె.ఎన్.టి.యు. అనుబంధ కళాశాలల పది అక్షరాల హాల్‌టికెట్ సంఖ్యలో చేరిన సంవత్సరం, కళాశాల, ప్రవేశ విధానం, బ్రాంచి, వరుస అన్నీ ఇమిడి ఉంటాయి. ల్యాబ్ బ్యాచి మొదలు వైవా పిలుపు వరకు సాధారణంగా ఆ వరుసలోనే నడుస్తాయి గనుక, 21కీ 22కీ నడుమ కుదిరిన ప్రాణస్నేహం ఘనత న్యాయంగా కార్యాలయ గుమస్తాకు చెందాలి. మేరీలాండ్ పోలీసు శిక్షణార్థులకు ఇంటిపేర్ల అక్షరక్రమంలో గదులు, కుర్చీలు కేటాయించగా స్నేహాలు సైతం అక్షరక్రమంలోనే పుట్టాయని మేడీ సీగల్ 1974లో నిరూపించారు. డిప్లొమా ముగించి ఈసెట్ ద్వారా నేరుగా రెండవ సంవత్సరంలో చేరినవారి సంఖ్యలో ‘1ఎ’కు బదులు ‘5ఎ’ ఉంటుంది. అప్పటికే జట్లు కట్టేసిన తరగతిలో వారు వెనుక బెంచీలలో వేరు కాపురం పెడతారు, అయితే లేతు యంత్రాన్ని అంతకుముందే చేత్తో తిప్పినవారు వారే కావడం వలన ల్యాబ్ పరీక్ష ముందురోజు తరగతి మొత్తానికి వారితో చుట్టరికం గుర్తుకు వస్తుంది.

సంఖ్య చేయలేని పనిని ప్రశ్న చేస్తుంది. కులం అడగడం అనాగరికమని ఎరిగిన ఈ తరం “మీదే ఊరు బ్రో?” అని మొదలుపెట్టి, ఊరితో తేలకపోతే “పూర్తి పేరేంటి?” అని, అదీ చాలకపోతే అభిమాన కథానాయకుడెవరని ఆరా తీస్తుంది, మూడు జవాబులు పూర్తయ్యేసరికి ఎవరూ ఏమీ అడగనట్టే ఉంటుంది, అందరికీ అన్నీ తెలిసిపోయి ఉంటాయి. పరిశోధకులు దీనిని సర్వే అంటారు గాని, ఇంత మర్యాదగా చేయలేరు.

జనం పెరిగితే వైవిధ్యం పెరిగి స్నేహాలు విస్తరిస్తాయని ఆశించడం సహజమే. కాన్సాస్ రాష్ట్రంలో ఒక పెద్ద విశ్వవిద్యాలయాన్ని చిన్న కళాశాలలతో పోల్చిన బాన్స్, పికెట్, క్రాండల్ 2012లో దీనికి విరుద్ధమైన ఫలితాన్ని ప్రకటించారు: పెద్ద ప్రాంగణంలోని మిత్రులలోనే అభిప్రాయాల పోలిక ఎక్కువ. దొరికిన నలుగురితో సర్దుకుపోవలసిన చోట మనిషి ఉదారుడవుతాడు, వేలమంది ఉన్నచోట పెళ్లిచూపులకు వచ్చిన మేనత్త అవుతాడు. ఎం.ఎస్. చదవడానికి ఎక్కడో మంచు కురిసే చిన్న ఊరికి వెళ్లిన తెలుగు విద్యార్థి నేపాలీతో గది పంచుకుని అతని పప్పును సైతం మెచ్చుకుంటాడు. తెలుగువారు కిక్కిరిసిన డాలస్‌కు వెళ్లినవాడు మాత్రం రూమ్మేటు తెలుగువాడైతే చాలదని, గోదావరి జిల్లాల వాడై, వంట వచ్చినవాడై, వీలైతే తమ కళాశాల సీనియరే అయి ఉండాలని వాట్సాప్ గ్రూపులో ప్రకటన పెడతాడు.