తల్లిని పట్టుకెళ్లిన అధికారి గారికి

మహారాజశ్రీ కుక్కల బండి అధికారి గారికి, నరసన్నపేటలో ఒకానొక వీధివారు చేసుకునే విన్నపం.

అయ్యా, తమరి దయవల్ల మా వీధిలో పెద్ద కుక్కల బెడద తీరింది. తమరి బండి వచ్చి, కల్వర్టు పక్కన పిల్లల్ని పెట్టుకు పడుకున్న ఎర్రకుక్కను వలేసి పట్టుకెళ్లింది. దాని పొదుగు తమ మనుషుల కంట పడలేదు కాబోలు. ఆపరేషన్ చేసి తెస్తామన్నారు. తెచ్చారా? పిల్లలు అప్పటికి తూలుతూ నడుస్తున్నాయి. ఇప్పుడు పరుగులే. పళ్లూ వచ్చాయి. ఒక్కోదానికి 28 పాలపళ్లు, అన్నీ మొనదేలినవే.

కూరగాయలమ్మే అప్ప చీర కుచ్చిళ్లు, పాలబ్బాయి ప్యాంటు అంచు, బడికెళ్లే గుంటల మేజోళ్లు, అన్నీ వాటి పాలే. నిన్న పక్కింటి గుంటడి బొటనవేలు. రెండు గాట్లు, ఒక చుక్క నెత్తురు. "కుక్కపిల్లే కదా, ఏటవుద్ది?" అని వాళ్ల మామ్మ పసుపు అద్దబోయింది.

ఏటవుద్దో 2025లో ఉత్తరప్రదేశ్ బులంద్‌షహర్ జిల్లాలో చూశాం. కాలువలో పడ్డ కుక్కపిల్లను పైకి తీసిన కబడ్డీ ఆటగాణ్ని అది కరిచింది. పిల్లే కదా అని సూది వేయించుకోలేదు. కొన్నాళ్లకు రేబిస్‌తో పోయాడు. అందుకే గుంటణ్ని కుళాయి కింద కూర్చోబెట్టి, వాడు ఎంత ఏడ్చినా వినకుండా పదిహేను నిమిషాలు సబ్బుతో కడిగించి ఆసుపత్రికి తీసుకెళ్లాం. సూదులు వెళ్లిన రోజే ఒకటి, మూడోరోజు ఒకటి, ఏడోరోజు, మళ్లీ ఇరవై ఎనిమిదో రోజు. వాళ్ల నాన్నది రోజుకూలీ. ఆ కూలి తమరిస్తారా?

కుక్కపిల్ల కోపంతో కరవదండీ. కనబడ్డదల్లా నోటితోనే తడిమి చూస్తుంది. ఎంత గట్టిగా కొరికితే ఎదుటివాళ్లకు నొప్పో దానికి తెలీదు. చన్ను దగ్గర పంటిగాటు పడితే తల్లి గుర్రుమని లేచిపోతుంది, పాలు బంద్. తోడబుట్టినదాన్ని గట్టిగా కొరికితే అది కుయ్యోమని ఆట మానేస్తుంది. ఏడెనిమిది వారాల దాకా సాగాల్సిన చదువిది. తమరు మధ్యలో పంతులమ్మను బండెక్కించారు!

ఇప్పుడా పని మాకు పడింది. కరిస్తే పరుగెత్తొద్దురా, దానికదే ఆట అంటాం. కదలకుండా నిలబడి మొహం తిప్పుకోండి, చెయ్యి బదులు తడిపిన గుడ్డముడి ఇవ్వండి అంటాం. గుంటలు వింటారా? కేకలేస్తూ పరుగెడతారు. పెద్దవాళ్లేమో కర్ర తీస్తారు. కొడితే ఆ భయానికి అది ఇంకా గట్టిగా కరుస్తుందని చెబితే మమ్మల్నే ఎగాదిగా చూస్తారు. నాలుగో నెల నుంచి పాలపళ్లు ఊడతాయి, మొత్తం 42 వచ్చేసరికి ఏడో నెల. అన్నాళ్లూ చిగుళ్ల దురదే. చీకటి పడితే అవి ఎక్కడున్నాయో కనబడదు, వీధిలైటు వెలిగితే కదా!

పైగా మైకు ఆటో ఒకటి. "కుక్కలకు దూరంగా ఉండండి" అంటూ తిరుగుతోంది. మేం దూరంగానే ఉన్నాం మహానుభావా, అవే దగ్గరికొస్తున్నాయి!

రేబిస్ ఉన్నవీ మీదపడి కరిచేవీ తప్ప, ఆపరేషన్ చేసి టీకా వేసిన కుక్కను పట్టినచోటే వదలాలని 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు చెప్పింది. మా ఎర్రకుక్క ఎవర్నీ కరిచింది కాదు. బాబ్బాబు, ఎక్కడ వదిలారో చెప్పండి. పిల్లలకు మూడు నెలలు నిండగానే టీకా వేయించండి, ఎప్పుడో ఉచిత శిబిరం పెడతాం, అందాకా ఆగండి అనకండి. తల్లికి చెవి కొస కత్తిరించే ఉంటారు కదా, గుర్తుపట్టి తెచ్చుకుంటాం. ఆటో కిరాయి మేమే పెట్టుకుంటాం.

ఇట్లు,
కల్వర్టు ఎదుటి ఇంటివారు