పతియే ప్రత్యక్ష వార్డు మెంబరు

ఛత్తీస్‌గఢ్‌లోని కబీర్‌ధామ్ జిల్లా పరస్వారాలో 2025 మార్చి 3న ఆరుగురు మహిళా పంచ్‌ల (వార్డు మెంబర్ల) బదులు వాళ్ల మొగుళ్లు ప్రమాణ స్వీకారం చేసేశారు. వీడియో చూసి దేశం ముక్కున వేలేసుకుంది. పంచాయతీ కార్యదర్శిని సస్పెండ్ చేశారు. నాకు మాత్రం ఇందులో తప్పు కనబడలేదు. ఇంత గొప్ప పథకాన్ని ఒక్క ప్రమాణంతో ఆపేశారేమిటన్నదే నా బాధ.

పెళ్లాం బదులు మొగుడు చెల్లుతాడని ఒప్పుకున్నాక సగం సగం అమలు దేనికి? 'ప్రతినిధి భర్త' పథకానికి నిబంధనలు నేనే రాసిపెట్టాను. కేంద్రం జీవో ఇవ్వడమే తరువాయి.

మొదటి నిబంధన. ప్రతినిధి భర్త కోడి కూయకముందే లేచి, భార్య తరఫున వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లాలి. మార్చి ఎనిమిదిన మహిళా దినోత్సవం కనక, మండలాఫీసు ముగ్గుల పోటీలోనూ ఆయనే వంగాలి. చుక్క తప్పితే మెమో.

రెండోది. 2024 కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు 289 నిమిషాలు పెడుతుంటే, చేసే ఆ కాసిని మగాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారు. ఆవిడ వాటా కూడా ఆయనకే దఖలు పరచాలి. మొత్తం 377 నిమిషాలు. అంట్లు తోమాక ఓపిక మిగిలితే గ్రామసభకు అధ్యక్షత వహించుకోవచ్చు.

మూడోది. డ్వాక్రా వాయిదా దాటి బ్యాంకాయన గుమ్మంలోకి వచ్చినప్పుడు తల వంచుకుని నిలబడాల్సింది ప్రతినిధి భర్తే. పెరటి దారిన జారుకోవడం నిషిద్ధం.

నాలుగోది, అసలైనది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో పెళ్లయిన జంటల్లో ఆపరేషన్ ఆడవాళ్లు చేయించుకున్నవి 37.9 శాతం, మగాళ్లవి 0.3 శాతం. ప్రమాణం బల్ల దగ్గరికి ఎగబడ్డ వీరులు ఈ బల్ల దగ్గరికి వచ్చేసరికి "ఆవిడకే చేసెయ్యండి డాక్టరు గారూ, నేను బరువులెత్తాలి" అంటారు. కుదరదు. ప్రాతినిధ్యం అంటే ప్రాతినిధ్యమే.

పరస్వారాను చూసి మనం నవ్వక్కర్లేదు. పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్లకిచ్చిన చట్టం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉంది. మన మొగుళ్లు ఇంకాస్త తెలివైనవాళ్లు, ప్రమాణం మాత్రం ఆవిడ చేతే చేయిస్తారు. మర్నాటి నుంచి రబ్బరు స్టాంపు ఆయన చొక్కా జేబులో ఉంటుంది. ఫ్లెక్సీలో ఆయన నిలువెత్తున చెయ్యూపుతుంటాడు, మూలన ఆవిడ పాస్‌పోర్ట్ ఫొటో. మండల సమావేశంలో "సర్పంచ్ గారూ" అని పిలిస్తే లేచి నిలబడేది ఆయనే. పంచాయతీ ఎన్నికలు ఎప్పుడో తేలకముందే, రిజర్వేషన్ ఆడవాళ్లకొస్తే ఇంట్లో ఎవరి పేరు వేయాలో లెక్కలు తేలిపోయి ఉంటాయి.

ఈ జాడ్యంపై కేంద్రం 2023లో కమిటీ వేసింది. కఠినంగా శిక్షించాలని 2025 ఫిబ్రవరిలో అది నివేదిక ఇచ్చింది. మరి శిక్ష ఎవరికి పడుతోంది? చెక్కు మీద సంతకం ఆవిడది. నిధులు గల్లంతైతే నోటీసు ఆవిడ పేరున వస్తుంది, రికవరీ ఆవిడ మీద పడుతుంది. అప్పుడు ప్రతినిధి భర్త వెతికినా దొరకడు. దొరికినా "సంతకం ఆవిడదేగా సార్" అంటాడు.

"ఆవిడకేం తెలుసండీ" అని ఒక మాట ఉంది. ఇరవై ఏళ్లు బిందె మోసినావిడకు బోరు ఎక్కడ వేయాలో తెలియదా? పిల్లల్ని కన్నావిడకు ఊళ్లో నర్సు లేదని తెలియదా? తెలుసు. తెలుసు కాబట్టే నోరు విప్పనివ్వరు. ఒక్క కార్యదర్శిని సస్పెండ్ చేసి చేతులు కడుక్కుంటే సరిపోదు. భర్తను పక్కన కూర్చోబెట్టుకుని సమీక్ష జరిపే ప్రతి అధికారీ, ఆయనకు శాలువా కప్పే ప్రతి ఎమ్మెల్యే ఈ దోపిడీలో భాగస్వాములే. ఊరు ఓటేసింది ఆవిడకు. ఆవిడ రాకుండా సమావేశం మొదలుపెట్టకండి, ఆవిడ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటే కేసు పెట్టండి. అది చేతకాకపోతే మహిళా సాధికారత మీద ఉపన్యాసాలైనా ఆపండి.